మధ్యాహ్నం రెండు లోపల

జూన్ పదిన బండిని రైలెక్కించాలి. చండీగఢ్‌లో దించుకుని, మనాలి మీదుగా లేహ్. మొత్తం ముగ్గురం. ఆఫీసులో పదిహేను రోజుల సెలవు మూడు నెలల ముందే మంజూరు చేయించుకున్నాను. బండికి రెండు పక్కలా వేలాడే సాడిల్ బ్యాగులు, మోకాళ్ళ గార్డులు, స్పేర్ ట్యూబు, చలికి లోపల వేసుకునే ఉన్ని చొక్కాలు అన్నీ కొన్నాను. మే నెల కర్నూలులో ఉన్ని చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడిన వాడు ఊరు మొత్తం మీద నేనొక్కడినే అయ్యుంటాను.

మే చివరి వారంలో మా నాయన గుమ్మం దాటబోయి గడప తన్నుకున్నాడు. డాక్టరు చూసి, కుడికంట్లో శుక్లం బాగా ముదిరింది, ఇంక ఆగొద్దు అన్నాడు. జూన్ ఎనిమిదికి ఆపరేషన్. ఆ తర్వాత రోజుకు ఆరుసార్లు చుక్కల మందు. అమ్మకు చెయ్యి వణుకుతుంది. మా ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది, రెండింటికి డ్యూటీ. పొద్దున చుక్కలు తను వేస్తుంది, రెండు నుంచి రాత్రి దాకా నేను వేయాలి. లడఖ్ అక్కడితో అయిపోయింది. మిగతా ఇద్దరూ వెళ్ళారు. వెళ్ళొద్దని నేనూ అనలేదు, కానీ వాళ్ళు వెళ్ళరులే అని లోపల ఒక ఆశ ఉండేది, అబద్ధం ఎందుకు.

సెలవు మాత్రం రద్దు చేసుకోలేదు. పొద్దున అయిదింటికి బయల్దేరి మధ్యాహ్నం రెండు లోపల ఇంట్లో ఉండాలి. ఆ తొమ్మిది గంటల్లో ఎంత దూరం పోయి రావచ్చో అంతే నా దేశం. జూన్‌లో మా ఊళ్ళో పదకొండు దాటితే హెల్మెట్ లోపల తల ఉడుకుతుంది కాబట్టి ఆ హద్దు మరీ అన్యాయమైనదేమీ కాదు.

మొదటి రోజు అందరూ చేసే పనే చేశాను. ఫోన్లో మ్యాపు తెరిచి, కర్నూలు చుట్టూ వంద కిలోమీటర్ల పైచిలుకు గుండ్రం ఊహించుకుని, దాంట్లో ఉన్న 'చూడదగ్గ ప్రదేశాలు' వెతికాను. ఓర్వకల్లు రాక్ గార్డెన్, అహోబిలం, మంత్రాలయం, బెలుం గుహలు. అన్నీ చూసినవే. చుట్టాలు వస్తే కారులో తీసుకుపోయే జాబితా అది. అయినా సరే అని ఓర్వకల్లు వెళ్ళాను. ఆదివారం. గేటు దగ్గర నాకంటే ముందు నలభై బండ్లున్నాయి, రాళ్ళ మీద సెల్ఫీలు. ఎనిమిదిన్నరకల్లా ఇంటికొచ్చేశాను.

"యాడికి పోయొచ్చినావు?" అన్నాడు మా నాయన, నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద వెల్లకిలా పడుకుని.

"ఓర్వకల్లు, నాయనా."

"దానికి పెట్రోలు ఎందుకు తగలేసినావు? టౌను బస్సు పోతుంది గదా."

మా నాయన ఆర్టీసీ డ్రైవరు. 1979లో చేరి 2011లో రిటైరయ్యాడు. ఆ ముప్పైరెండేళ్ళలో చాలా భాగం పల్లెవెలుగులే. నందికొట్కూరు, ఆత్మకూరు, పత్తికొండ వైపు ఆయన తొక్కని రోడ్డు లేదు. ఈ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ దారి అడగాలని ఒక్కసారి కూడా తట్టలేదు. చేతిలో ఫోనుంటే ఇంట్లో మనిషిని ఏం అడుగుతాం?

ఆ సాయంత్రం చుక్కలు వేశాక అయిదు నిమిషాలు కన్ను మూసుకుని ఉండాలి. ఆ అయిదు నిమిషాల్లో అడిగాను: రెండు లోపల పోయి రాగలిగేది, నేను చూడనిది ఏముంది? ఆయన వెంటనే ఊరి పేరు చెప్పలేదు. "బస్టాండుకు పోయి బోర్డులు చదువు. తెలీని పేరు ఏది కనపడితే అది నాకు చెప్పు" అన్నాడు.

నేను నిజంగానే వెళ్ళాను. ముప్పావుగంట ప్లాట్‌ఫాముల వెంట తిరిగి, పల్లెవెలుగు బస్సుల బోర్డులు, 'వయా' తర్వాత ఉన్న పేర్లతో సహా రాసుకున్నాను. ఒక కండక్టరు నన్ను చెకింగ్ వాడనుకుని టికెట్ మిషను సర్దుకున్నాడు. తిరిగొచ్చి ఒక్కో పేరూ చదువుతుంటే మా నాయన కళ్ళు మూసుకునే చెప్పుకొచ్చాడు: ఆ రోడ్డు వంకలో మునుగుతుంది, వాన పడితే పోవద్దు. దాంట్లో ఏముందిరా, మిరప చేన్లు. ఆఁ, అది పో. ఈ పద్ధతిలో ఒక సుఖముంది. పల్లెవెలుగు పోయే ఊరికి రోడ్డు ఉన్నట్టే, చెడితే ఇంటికి చేర్చే బస్సూ ఉన్నట్టే. మ్యాపులో గీత కనపడినంత మాత్రాన రోడ్డు ఉంటుందనే పూచీ లేదు. కేసీ కాలువ గట్టు మీద ఒక గీతను నమ్ముకుని వెళ్ళి, నల్లరేగడిలో చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి బిగుసుకుని, పుల్లతో గీక్కుంటూ ముప్పావుగంట గడిపాను. రాత్రి పడిన వాన చిన్నదే. నల్లరేగడికి ఆ మాత్రం చాలు.

మొదట పంపింది అలంపురం. తుంగభద్ర దాటితే తెలంగాణ, పాతిక కిలోమీటర్లే. నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ చిన్నప్పుడే చూశానన్నాను. "కూడవెల్లి గుడి చూసినావా?" అన్నాడు. చూడలేదు. కృష్ణా తుంగభద్రా కలిసే చోట కూడవెల్లిలో సంగమేశ్వరుడి గుడి ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునుగుతుందని ఆ గుడిని రాయి రాయీ విప్పి, అలంపురం తెచ్చి మళ్ళీ కట్టారు. వెళ్ళి చూస్తే, పదమూడు వందల ఏళ్ళుగా అక్కడే ఉన్నట్టుంది. ఉదయం ఆరున్నర, గుడి దగ్గర నేనూ ఒక కుక్కా. గోడ మీది శిల్పాలు చూస్తూ గంట కూర్చున్నాను. తొమ్మిదికల్లా ఇంటికొచ్చి టిఫిను తిన్నాను.

"ఇది ఎత్తి తెచ్చిన సంగమేశ్వరుడు. వదిలేసిన సంగమేశ్వరుడు ఇంకొకడు ఉండాడు, రేపు ఆడికి పో" అన్నాడు.

ఆయన చెప్పింది సప్తనదీ సంగమం. కొత్తపల్లి మండలంలో ఉంటుంది. నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా వెళ్ళాను. గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు శ్రీశైలం జలాశయంలో మునిగే ఉంటుంది. జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. నీళ్ళు బాగా తగ్గినప్పుడు ఎండాకాలంలో బయటపడుతుంది, మళ్ళీ వరద రాగానే పూజారి చివరి హారతి ఇచ్చి గట్టెక్కుతాడు. లోపల ఉన్నది వేప మొద్దు లింగం, ధర్మరాజు ప్రతిష్ఠ అంటారు. ఇన్నేళ్ళు నానీ ఎండీ ఆ చెక్క అలాగే ఉంది. గోడల మీద ఒండ్రు చార. చుట్టూ బీటలు వారిన మట్టి, దాని మీద బండి చక్రాల గీతలు, దూరంగా నల్లమల. ఒడ్డున ఇద్దరు జాలర్లు వలలు బాగుచేసుకుంటున్నారు. మంచి గుళ్ళకు కరువు లేదు మనకు, కానీ 'ఇంకో నెలలో ఇక్కడ నా తల మీద నీళ్ళుంటాయి' అనుకుంటూ నేను నిలబడిన గుడి ఇదొక్కటే.

అక్కడ మా నాయన ఒక పని కూడా అప్పజెప్పాడు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అటువైపు ఒక ఊరికి బస్సు నడిపాడట. తర్వాత నీళ్ళొచ్చి ఊరూ పోయింది, రూటూ పోయింది. "మలుపులో మైలురాయి ఉంటాది, పెద్ద చింతమాను పక్కన. కనపడుతుందేమో చూడు." చింతమాను ఎక్కడుంటుంది, నలభై ఏళ్ళు నీళ్ళ కింద? ఎండిన మట్టిలో కొంతదూరం తారు ముక్కలు కనపడ్డాయి, వాటి వెంటే నడిచాను. ఒక గొర్రెల కాపరిని అడిగితే, "ఆ ఊరోళ్ళనే అడగాల, వాళ్ళు యాడుండారో" అన్నాడు. ఒక రాయి కనపడితే ఫోటో తీశాను. దాని మీద అక్షరాలు లేవు. అప్పటికే పదకొండు. బయల్దేరాల్సి వచ్చింది. ఇంటికొచ్చేసరికి ఒకటీ యాభై.

ఆ రోజే పాంగాంగ్ సరస్సు ఫోటో వచ్చింది వాళ్ళ దగ్గర నుంచి. నీలం నీళ్ళు, మంచు కొండలు, నా స్పేర్ హెల్మెట్ పెట్టుకున్న స్నేహితుడు. నేను తిరిగి ఆ గుడి ఫోటో పంపాను. 'ఇది ఎక్కడ?' అని వెంటనే అడిగాడు. ఆత్మకూరు దగ్గర అంటే నమ్మలేదు. వాడిదీ కర్నూలే.

రోళ్ళపాడు గురించి ఎక్కువ చెప్పను. బట్టమేక పిట్ట కోసం 1988లో పెట్టిన అభయారణ్యం. పిట్ట కనపడలేదు, కనపడుతుందని అక్కడివాళ్ళూ అనలేదు. గడ్డి మైదానం, కృష్ణజింకలు, భరించలేని ఎండ. చలికాలంలో మళ్ళీ పోవాలి.

బేతంచెర్ల దారి మాత్రం నాకు నచ్చింది, ఎందుకో అడిగితే సరిగ్గా చెప్పలేను. ఊరి చుట్టూ నాపరాళ్ళ గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, రోడ్డు పక్కన పాలలా పారి గట్టిపడిన రాతి బురద, చెట్ల ఆకుల మీద కూడా తెల్లదుమ్ము. మా ఇంట్లో, మా పక్కింట్లో, నేను చదివిన బడిలో పరిచిన బండలన్నీ ఇక్కడివే. లారీల వెనక దుమ్ము మింగుతూ బనగానపల్లె చేరాను. అక్కడి నుంచి యాగంటి ఎంతో దూరం లేదు. కొండ సందులో కోనేరు నీళ్ళు జూన్‌లో కూడా చల్లగా ఉన్నాయి. బసవన్న పెరుగుతున్నాడా లేదా అన్న వాదన నాకక్కర్లేదు, నేను నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. వచ్చేటప్పుడు బనగానపల్లెలో మామిడిపళ్ళు కొన్నాను. సీజను చివర, పళ్ళు ముగ్గి వాసన కొడుతున్నాయి. హిమాలయాల కోసం కొన్న సాడిల్ బ్యాగులు మొదటిసారి నిండింది ఆ రోజే, పక్కకు అయిదు కిలోలు. ఇంటికొచ్చాక కింది వరుస గుజ్జయింది. బ్యాగు లోపలి అర ఇప్పటికీ మామిడి వాసనే.

ఇక జొన్నగిరి.

జూన్‌లో తొలకరి పడితే తుగ్గలి మండలంలో జనం వజ్రాలు వెతుకుతారని పేపర్లో ఏటా చదువుతాం. వెళ్ళి చూసినవాళ్ళు మాత్రం మా ఆఫీసులో ఒక్కరూ లేరు. మా నాయన పత్తికొండ డిపోలో ఉన్నప్పుడు ఆ రూటు నడిపాడు. "వాన పడిన రెండో రోజు పో. మొదటి రోజు బురద, మూడో రోజుకి ఏం మిగలదు" అన్నాడు, ఏదో వజ్రాల వ్యాపారిలా. మునుపటి రాత్రికి ముందు రాత్రి వాన పడింది. అయిదింటికి బయల్దేరాను. కోడుమూరులో ఉగ్గాని, బజ్జి. ఏడుకల్లా పత్తికొండ. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న కలరాతో పోయింది ఈ ఊళ్ళోనే. దత్తమండలాల కలెక్టరుగా ఈ రోడ్లన్నీ గుర్రం మీద తిరిగినవాడు, మళ్ళీ చూద్దామని వచ్చి ఇక్కడే ఆగిపోయాడు. నేను టీ తాగి కదిలాను.

గుత్తి రోడ్డులో ముందు ఎర్రగుడి. అక్కడ గుట్ట మీద బండలకు అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడే దాకా అవి ఏమిటో ఎవరికీ పట్టలేదు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంటే బ్రాహ్మీ అక్షరాలు బాగా లేచి కనపడతాయి. మిట్టమధ్యాహ్నం వెళితే బండ బండలాగే ఉంటుంది. ఒక శాసనంలో విచిత్రం ఉంది: కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు. మడక దున్నేటప్పుడు ఎద్దులు చాలు చివర తిరిగినట్టు. పండితులు ఈ రాతకు వాడే గ్రీకు పేరుకు అర్థం కూడా అదేనట, ఎద్దు తిరిగినట్టు అని. ఆ శాసనం ప్రజలకు చెప్పే మాటల్లో తల్లిదండ్రుల మాట వినాలన్నది ఒకటి. రాత్రి ఇది చెబితే మా నాయన నవ్వాడు. "చూడు, అప్పుడు గూడ వినేటోళ్ళు కాదు. బండ మీద కొట్టించాల్సి వచ్చింది."

తొమ్మిదిన్నరకు జొన్నగిరి చేలు. అశోకుడి కాలంలో దక్షిణాదికి రాజధానిగా ఉన్న సువర్ణగిరి ఇదేనని చరిత్రకారులు కొందరంటారు. నేను చూసింది మాత్రం తలలు వంచుకున్న మనుషులు. వందల మంది. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, ఒక్కరూ మాట్లాడరు. అడుగులో అడుగు వేస్తూ నేల చూసుకుంటూ నడుస్తారు. వాన పైమట్టిని కడిగేస్తే రాళ్ళు తేలతాయి, ఎండ తగిలి మెరుస్తాయి, అదీ ఆశ. ఒక చెట్టు కింద గుంటూరు వైపు నుంచి వచ్చిన దంపతులు స్టవ్వు మీద అన్నం వండుతున్నారు. పది రోజులైందట. "దొరికిందా అన్నా?" అంటే, ఆయన చెంగులో మూట విప్పి చూపించాడు. పలుగురాళ్ళు. అవి కావని ఆయనకూ తెలుసు. "పారెయ్యబుద్ధి కాదు" అన్నాడు. నేను నవ్వుకున్నాను గానీ, బండి దగ్గరకు తిరిగి నడుస్తూ చూసుకుంటే నా తలా కిందికే ఉంది. మెరిసిందల్లా వంగి తీశాను. ఒకటి సీసాపెంకు.

బండి దగ్గరకొస్తే వెనక చక్రం నేలకు కూర్చుంది. నాది క్లాసిక్ 350, స్పోకుల చక్రం, లోపల ట్యూబు. స్పేర్ ట్యూబు ఉంది, ఇంట్లో బీరువా మీద, 'లడఖ్ సామాను' అని రాసిన సంచిలో. లడఖ్ పోవడం లేదు కదా అని అది దింపలేదు. రెండు క్వింటాళ్ళ బండిని తోయడం కుదరదు. టూల్ కిట్టుతో చక్రం ఊడదీస్తుంటే ఆ గుంటూరాయన వంట వదిలేసి వచ్చి బండిని రాళ్ళ మీద నిలబెట్టాడు. ఒక కుర్రాడు టీవీఎస్ ఎక్సెల్ తెచ్చాడు. గ్రీజు చక్రాన్ని ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకుని తుగ్గలి దాకా వెనక కూర్చున్నాను. పంక్చరు వేసే అబ్బాయి ట్యూబులోంచి ఒక ముల్లు తీసి నా చేతిలో పెట్టాడు. "మీకు దొరికింది ఇదే" అన్నాడు.

ఇల్లు చేరేసరికి మూడూ నలభై. మా ఆవిడ డ్యూటీకి పోవాలి కాబట్టి రెండుంబావుకు చుక్కలు వేసి పరుగెత్తింది, షాపులో మాట పడింది. ఆ రాత్రి ఆవిడ నాతో ఎక్కువ మాట్లాడలేదు. "పంక్చరు కాదు తప్పు, ట్యూబు ఇంట్లో పెట్టిపోవడం తప్పు" అని ఒక్కమాట అంది. ఆవిడ చెప్పింది నిజం. ఆ మర్నాటి నుంచి ట్యూబు, పానాలు, చిన్న గాలి పంపు బండి మీదే ఉన్నాయి. ఇంకో మార్పు కూడా చేశాను. టైము సగం అయినప్పుడు కాదు, మూడో వంతు అయినప్పుడే వెనక్కి తిరగడం. మిగిలిన దాంట్లో ఒక గంట పంక్చరుకు తీసిపెట్టాలి. పంక్చరు కాకపోతే ఆ గంట ఎక్కడైనా చింతచెట్టు కింద పడుకోవచ్చు.

దోర్నాల అడవి దారి నా జాబితాలో ఉండిపోయింది. రాత్రిళ్ళు ఆ రోడ్డు మూసేస్తారు, తెల్లవారాక గేటు తెరిచే దాకా ఆగి, పోయి, రెండు లోపల రావడం నా వల్ల కాదు. ఆ లెక్క నేను మూడుసార్లు వేశాను.

సెలవు చివరి రోజు ఆస్పత్రిలో చెకప్. నల్లద్దాలు తీసేశారు. బయట బెంచీ మీద కూర్చుని నా ఫోను అడిగి తీసుకున్నాడు, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, సంగమేశ్వరం దగ్గర నేను తీసిన రాయిని చూశాడు.

"ఇది మైలురాయి కాదురా. ఎవురిదో ఇంటి గడప."

ఇంకాసేపు చూసి ఫోను ఇచ్చేశాడు. బండి వెనక కూర్చోబెట్టుకుని బస్టాండు మీదుగా వస్తుంటే, గేటులోంచి ఒక పల్లెవెలుగు బయటికి తిరిగింది. వెనక నుంచి బోర్డు పైకి చదివాడు, వయాతో సహా, అక్షరం పొల్లు పోకుండా. బస్సు మా ముందు నుంచి తిరిగేదాకా నా భుజం పట్టుకుని చూశాడు.

"డ్రైవరు కొత్తోడు," అన్నాడు. "స్టీరింగు ఇంకా ముందే తిప్పాల."